చాటలో తెల్లరాయి

చిన్నీకి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న చిన్నీ ఫోన్లో అడిగింది: "సముద్రంలో దాక్కోవడానికి చెట్టూ పుట్టా ఉండవు కదా తాతయ్యా, మరి మత్తుమందు తెచ్చే పడవలు పోలీసులకు ఎందుకు కనబడవు?" మంచి ప్రశ్న. ఫోన్లో తేలే సంగతి కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

కనబడతాయమ్మా. 2024 నవంబరులో అండమాన్ దగ్గర 5,500 కిలోలకు పైగా మెథాంఫెటమైన్ అనే మత్తుమందుతో దొరికిన మయన్మార్ పడవను కోస్ట్‌గార్డ్ విమానం పైనుంచి చూసింది. ఆ పడవ చేపల పడవే. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

నానమ్మ చాటలో బియ్యం ఏరడం చూశారుగా. నల్లరాయి ఇట్టే దొరుకుతుంది. తెల్లరాయి అలా కాదు. గింజ రంగే, గింజంత సైజే. వేలితో నెట్టి నెట్టి చూస్తే తప్ప తెలియదు. సముద్రం మీదకి వేల పడవలు వేటకి వెళ్తాయి. వాటిలో ఒక్క తెల్లరాయి ఉంటుంది.

రేవుల్లోనూ ఇదే కథ. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా పోర్టులో రెండు కంటెయినర్లు విప్పితే దాదాపు 3,000 కిలోల హెరాయిన్ బయటపడింది. కాగితాల మీద ఏమని ఉందో తెలుసా? టాల్క్ అని, పౌడరు తయారీకి వాడే తెల్లటి రాయి! అఫ్గానిస్తాన్ సరుకు, ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌లో ఓడెక్కింది. తెప్పించుకున్న కంపెనీ చిరునామా మన విజయవాడది. ఆ మాట చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

అన్ని కంటెయినర్లూ విప్పి చూడొచ్చుగా అంటారేమో. ఒక్కో గింజనీ పట్టుకు చూస్తూ కూర్చుంటే నానమ్మ ఎసట్లో బియ్యం ఎప్పుడు పోయాలి? ఒక పెద్ద ఓడ మీద వేల కంటెయినర్లుంటాయి. జబ్బులకి వాడే మందులుంటాయి, పాడైపోయే సరుకుంటుంది, అవి ఆలస్యం కాకూడదు. అందుకే అనుమానం ఉన్నవాటినే విప్పుతారు. ఆ అనుమానం రావాలంటే ఎక్కడినుంచో ముందు కబురు అందాలి. ముంద్రాలో డీఆర్‌ఐ వాళ్ళకి, అంటే స్మగ్లింగ్‌ని పట్టుకునే కేంద్ర ప్రభుత్వ విభాగం వాళ్ళకి, అలాగే అందింది.

ఇంకొకటి. చాటకి అంచుంది. సముద్రంలో మన దేశపు అంచు ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ళు, అంటే 22 కిలోమీటర్లు. మెరైన్ పోలీసుల చిన్న బోట్లు ఆ లోపలే తిరుగుతాయి. ఆ పైన కోస్ట్‌గార్డ్, నేవీ చూసుకోవాలి. నడిసముద్రంలో వేరే దేశం జెండా ఉన్న ఓడ ఎక్కాలంటే మామూలుగా ఆ దేశాన్ని అడగాలి. స్మగ్లర్లకి ఈ లెక్కలన్నీ తెలుసు. పెద్ద పడవ దూరంగా ఆగుతుంది, చిన్న పడవ చీకట్లో వెళ్ళి మూటలు దించుకుంటుంది. పోలీసు బోటు వస్తోందనిపిస్తే మూటలు నీళ్ళలోకి విసిరేస్తారు. ఇక కోర్టులో ఏం చూపిస్తారు?

నా చిన్నప్పుడు ఉప్పాడ ఒడ్డున వలలు బాగుచేసుకునే ఒక ముసలాయన దగ్గర కూర్చునేవాణ్ణి. నావ ఇంకా చుక్కలా ఉండగానే అది ఎవరిదో చెప్పేసేవాడు. "బరువు మీదుంది, నీళ్ళలోకి దిగి వస్తోంది. వెనక పిట్టలు చూడు, చేప పడింది" అనేవాడు. నాకు పిట్టలు కనబడటానికి ఇంకా చాలాసేపు పట్టేది. ఆ చూపు ఎలా వస్తుందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

బరువుగా వస్తున్నా వెంట ఒక్క పిట్టా లేని పడవని చూస్తే ఆయనకి అనుమానం వచ్చేదని నా నమ్మకం. ఇవాళ అలాంటివాళ్ళు అనుమానం వస్తే 1093కి ఫోన్ చేసి మెరైన్ పోలీసులకి చెప్పొచ్చు. అందుకే వేటకెళ్ళేవాళ్ళతో పోలీసులు స్నేహంగా ఉండాలంటాను. బోటు ఆపిన ప్రతిసారీ వాళ్ళని దొంగల్లా చూస్తే ఎవరు ఫోన్ చేస్తారు? పడవలో పట్టుబడేది కూడా చాలాసార్లు కూలికి ఒప్పుకున్న పేదవాళ్ళేరా. సొమ్ము చేసుకునేవాడు ఒడ్డునే ఉంటాడు.

ఈ ఆదివారం నాన్నని అడిగి విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళండి. పెందలాడే వెళ్ళాలి. బోటు పక్కన ఐఎన్‌డీ, ఏపీ అక్షరాలతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు రాసి ఉంటుంది, చూడండి. పెద్దాయన ఎవరైనా కనబడితే, దూరంగా వస్తున్న బోటు ఎవరిదో చెప్పమనండి. ఎలా గుర్తుపట్టాడో అడిగి తెలుసుకుని నాకు రాయండి.

మీ తాతయ్య