అపోహలు - వాస్తవాలు: పీసీ నొక్కితే గంటలు లెక్కకి రావా?

రాత్రి పదకొండున్నరకి నా ఫోన్ మోగిందంటే ఎవరో డ్రైవరే. "అన్నా, 14 అయిపోయాయి. పీసీ వేసి ఇంకో గంట లాగించేయనా?" టెక్సాస్‌లో ఒక చిన్న ట్రక్కింగ్ కంపెనీకి సేఫ్టీ, లాగ్‌లు (డ్రైవర్ల పని గంటల రికార్డులు) చూస్తుంటాను. ఇక్కడ డ్యూటీ ఎక్కిన 14 గంటలు దాటాక, రెస్ట్ తీసుకోకుండా ట్రక్కు నడపకూడదు. ఈ ప్రశ్న వినని వారం లేదు. కొత్తగా ట్రక్కు కొనుక్కుని దిగిన మనవాళ్ళూ అడుగుతారు, ఇరవై ఏళ్ళుగా స్టీరింగ్ పట్టినవాళ్ళూ అడుగుతారు.

లాగించేయకూడదు. పీసీ, అంటే పర్సనల్ కన్వేయన్స్, ఈఎల్‌డీలో (ట్రక్కులో గంటలు లెక్కపెట్టే ఎలక్ట్రానిక్ లాగ్ యంత్రం) ఒక బటన్. డ్యూటీ దిగాక సొంత పనికి ట్రక్కు తీసినప్పుడు నొక్కేది: భోజనానికో, మోటెల్‌కో. ఆ టైమ్ డ్యూటీ లెక్కలోకి రాదు. ట్రైలర్‌లో లోడ్ ఉంటే పీసీ అసలు వేయకూడదని కొందరంటారు, ఖాళీగా ఉంటే ఎంత దూరమైనా పోవచ్చని ఇంకొందరు. రెండూ పుకార్లే. 2018లో ట్రక్కుల భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌ఎంసీఎస్‌ఏ ఇచ్చిన వివరణ చూస్తే, లోడ్‌తో ఉన్నా పీసీ వేయొచ్చు. బండి ఎందుకు కదిలిందన్నదే వాళ్ళు చూసేది. మైళ్ళకి ఫెడరల్ హద్దు లేదు కానీ, పని కోసం కదిలితే ఖాళీ బండైనా పీసీ కాదు. అయితే మీ కంపెనీ హద్దు పెట్టొచ్చు, లోడ్‌తో వద్దనొచ్చు. అప్పుడు కంపెనీ మాటే చెల్లుతుంది.

రెండేళ్ళ కిందటి సంగతి. మా కుర్రాడొకడు ఫోర్ట్ వర్త్‌లో డెలివరీకి వెళ్ళాడు. సరుకు దించే డాక్‌లో ఐదు గంటలు కూర్చోబెట్టి, 14 గంటలు దాటాక గేటు బయటికి పొమ్మన్నారు. అక్కడిదాకా అతని తప్పు ఇసుమంత కూడా లేదు. దగ్గర్లో, పద్ధతిగా, భద్రంగా ఆగగలిగే మొదటి చోటికి పీసీలో పోవచ్చు, రూలే ఒప్పుకుంటుంది. కానీ పొద్దున ఓక్లహోమా సిటీలో పికప్ ఉంది. ఐ-35 ఎక్కి, దారిలో ట్రక్ స్టాప్‌లన్నీ దాటుకుంటూ ఆర్డ్‌మోర్ దాకా పోయాడు. సుమారు 100 మైళ్ళు, అంతా పీసీలోనే.

పొద్దున ఇన్‌స్పెక్షన్‌లో ఆఫీసర్ రెండే అడిగాడట: నెక్స్ట్ పికప్ ఎక్కడ, ఈ దారిలో పార్కింగ్ ఎక్కడా దొరకలేదా? ఫాల్స్ లాగ్ అని రాసి, 10 గంటలు అవుట్ ఆఫ్ సర్వీస్ పెట్టాడు, అంటే బండి నడపకుండా ఆపేశాడు. లోడ్ ఇంకొకరికి పోయింది. ఆ ఇన్‌స్పెక్షన్ అతని పీఎస్‌పీలో (ఉద్యోగమిచ్చే ముందు కంపెనీలు చూసే డ్రైవర్ రికార్డు) మూడేళ్ళు ఉంటుంది, ఉద్యోగం మారాలన్నా అదే ముందు కనబడుతుంది. "పీసీలో ఈఎల్‌డీ లొకేషన్ దాచేస్తుందన్నారు కదన్నా" అన్నాడు నీరసంగా. దాచదు, మసక చేస్తుంది. మామూలుగా మైలు తేడాలో చూపించేది పీసీలో 10 మైళ్ళ తేడాలో చూపిస్తుంది. అలా చూసినా ఫోర్ట్ వర్త్ ఆర్డ్‌మోర్ అయిపోదు కదా!

మిగతావి గబగబా చెప్పేస్తాను. లంచ్‌కి ఆగితే 14 గంటల క్లాక్ ఆగదు. దాన్ని ఆపాలంటే స్లీపర్ స్ప్లిట్ చేయాలి, అంటే రెస్ట్‌ని రెండు ముక్కలుగా తీసుకోవాలి: ట్రక్కులోని పడక బెర్త్‌లో కనీసం 7 గంటలు, విడిగా కనీసం 2, రెండూ కలిపి కనీసం 10. 2000కి ముందు మోడల్ ఇంజిన్‌కి ఈఎల్‌డీ అక్కర్లేదు, నిజమే, కానీ కాగితం లాగ్ తప్పదు. పోలీసులు మీ స్క్రీన్‌ని రోజంతా లైవ్‌లో చూస్తున్నారన్నది ఉత్త భయం. ఆపి అడిగినప్పుడు మీరు పంపిన డేటానే చూస్తారు.

"కంపెనీ లాగ్ సరిచేసేస్తుంది" అన్నదానికి మాత్రం కాస్త ఆగాలి. లోడ్లు చూసే డిస్పాచ్ వాళ్ళు మార్పు పంపినా మీరు ఒప్పుకుంటేనే అది మీ లాగ్‌లోకి ఎక్కుతుంది, పాత ఎంట్రీ కూడా చెరిగిపోదు. బండి కదిలినప్పుడు ఆటోమేటిక్‌గా పడిన డ్రైవింగ్ టైమ్‌ని ఎవరూ తగ్గించకూడదు. హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్ చేసే డిస్పాచ్ పిల్లలకీ ఇది చెబుతూనే ఉంటాను: డ్రైవర్‌ని "యాక్సెప్ట్ కొట్టేయన్నా" అని తొందరపెట్టకండమ్మా. వాట్సాప్‌లో డబ్బు తీసుకుని గంటలు పెంచేవాళ్ళ జోలికి అసలు పోవద్దు. ఈఎల్‌డీ కొనేటప్పుడూ జాగ్రత్త: దానికి సర్టిఫికెట్ ఇచ్చుకునేది తయారుచేసినవాళ్ళే. ప్రభుత్వం దాన్ని తన ఈఎల్‌డీ లిస్టులోంచి తీసేస్తే 60 రోజుల్లో మీరే కొత్తది పెట్టుకోవాలి.

ఈఎల్‌డీ స్క్రీన్ చచ్చిపోయిందని రోడ్డు పక్కన ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్ళూ ఉన్నారు. కంగారు పడకండి. 24 గంటల్లో కంపెనీకి రాసి పంపండి, కాగితం లాగ్ మొదలుపెట్టండి. బాగుచేయడానికి కంపెనీకి 8 రోజులుంటాయి. అందుకే క్యాబ్‌లో 8 రోజులకి సరిపడా ఖాళీ లాగ్ షీట్లు ఉండాలన్నారు. మా బండ్లలో సగం వాటిలో ఆ షీట్ల మీద కాఫీ మరకలే ఉంటాయనుకోండి.

ఆ కుర్రాడు ఇప్పటికీ మా దగ్గరే ఉన్నాడు. పోయిన వారం మళ్ళీ రిసీవర్ (సరుకు దించుకునేవాళ్ళు) బయటికి తోసేస్తే, పీసీ నొక్కి నోట్‌లో ఇలా రాశాడు: "నో పార్కింగ్ ఎట్ రిసీవర్, ఫస్ట్ ట్రక్ స్టాప్ ఫుల్, స్టాప్డ్ ఎట్ సెకండ్." 9 మైళ్ళు. నాకు ఫోన్ కూడా చేయలేదు.