ఖైదీల ఓడల్లో చీరపేలు

ఆస్ట్రేలియాకి పంపిన బ్రిటిష్ ఖైదీల్లో సగం మంది దారిలోనే పోయేవాళ్లట కదా అని ఒకాయన అడిగారు. అంత లేదండీ. 1788 నుంచి 1868 దాకా సుమారు 1,62,000 మందిని పంపారు, చాలావరకు ప్రాణాలతోనే దిగారు. కాకపోతే 1790లో సిడ్నీ చేరిన సెకండ్ ఫ్లీట్ (అంటే ఖైదీల ఓడల రెండో గుంపు) మాత్రం ఘోరం, వెయ్యిమంది ఎక్కితే పావువంతు దారిలోనే చచ్చిపోయారు. కాంట్రాక్టర్లు అంతకుముందు బానిస వ్యాపారం చేసినవాళ్లు, వాళ్లకి ఇచ్చింది ఎక్కిన మనిషికి 17 పౌండ్ల చిల్లర, బతికి దిగాడా లేదా అన్నదానితో సంబంధం లేదు, ఇంక తిండెవడు పెడతాడు?

అసలు ఎందుకు పంపారంటే అమెరికా చేజారడం, జైళ్లు నిండిపోవడం లాంటి కారణాలు ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేస్తున్నా. నాకు ఆసక్తి పేల మీద.

1814లో సర్రీ అనే ఖైదీల ఓడలో టైఫస్ అనే అంటుజ్వరం పుట్టింది. ఖైదీలు పోయారు, కెప్టెన్ పోయాడు, డాక్టరూ పోయాడు, చివరికి నడిపేవాడు లేక ఇంకో ఓడలోంచి ఒకడు ధైర్యం చేసి వచ్చి దాన్ని సిడ్నీ చేర్చాడు. (ఇది టైఫాయిడ్ కాదు. మన దగ్గర వింటున్న స్క్రబ్ టైఫసూ కాదు, అది మైట్ అనే సన్న పురుగు పిల్ల కుడితే వచ్చేది.)

ఓడల్లోని ఆ టైఫస్‌ని మోసేది చీరపేను. అది తల్లో ఉండదు, బట్టల కుట్లలో కాపురం, గుడ్లూ అక్కడే, రోజుకి కొన్నిసార్లు ఒంటిమీదకొచ్చి రక్తం తాగి పోతుంది. జ్వరం ఉన్నవాడి రక్తంతో పాటు రికెట్సియా ప్రొవాజెకీ అనే బ్యాక్టీరియా దాని పేగు గోడ కణాల్లో దూరి, పెరిగి పెరిగి ఆ కణాల్ని పగలగొడుతుంది, పాపం రెండు వారాల్లో పేనూ చస్తుంది. ఈలోగా బ్యాక్టీరియా దాని మలంలో దిగుతుంది. కుట్టినంత మాత్రాన జబ్బు రాదు, దురదకి గోక్కున్నప్పుడు చర్మం గీసుకుపోయి ఆ మలం లోపలికి పోతుంది, అంటే ఎక్కించుకునేది మనమే! పైగా పేనుకి ఒంటి వేడి పెరిగినా పడదు, చల్లబడినా పడదు, జ్వరం వచ్చినవాడినీ శవాన్నీ వదిలేసి పక్కవాడి మీదకి పోతుంది. ఆ ఓడల్లో ఆరడుగుల చదరం పలక మీద నలుగురు పడుకునేవాళ్లు, దానికి ఎంత దూరమని!

సర్రీ చేరాక సిడ్నీలోని గవర్నర్ మెక్వారీ రెడ్‌ఫర్న్ అనే డాక్టర్‌ని రిపోర్ట్ అడిగాడు. ఈ రెడ్‌ఫర్నే ఒకప్పటి ఖైదీ, 1797లో బ్రిటిష్ నావికులు చేసిన నోర్ తిరుగుబాటు కేసులో ఉరిశిక్ష పడి, దాన్ని తగ్గించి ఆస్ట్రేలియాకి పంపారు. ఖైదీల్ని డెక్ మీదకి రానివ్వండి, కిందికి గాలి పంపండి, ఒళ్లూ బట్టలూ పరుపులూ శుభ్రంగా ఉంచండి, ఓడకో నేవీ డాక్టర్‌ని పెట్టండి అన్నాడు. 1815 నుంచి అలా పెట్టడం మొదలైంది, పోనుపోను చావులు వందకి ఒకటి దగ్గరికి దిగాయి. కానీ ఆయనా చెడుగాలి వల్లే జ్వరం అనుకున్నాడు. మన ముసలమ్మలు గాలి సోకింది అంటే నవ్వుతాం గానీ అప్పటి యూరప్ డాక్టర్లలో చాలామందిదీ అదే నమ్మకం, గాలి శుద్ధికని వెనిగర్ చల్లేవాళ్లు. నా లెక్కలో పని చేసింది ఉతకడం.

పేను సంగతి తేలింది 1909లో, ఉత్తర ఆఫ్రికాలోని ట్యునిస్‌లో. అక్కడ చార్లెస్ నికోల్ అనే ఫ్రెంచ్ డాక్టర్ ఒకటి గమనించాడు. ఆస్పత్రి గుమ్మం దాకా జబ్బు అంటుకుంటోంది, బట్టలు విప్పించి స్నానం చేయించి వార్డులో పడుకోబెట్టాక పక్క మంచం వాడికి రావట్లేదు. ఆ విప్పిన బట్టలు ముట్టుకున్న పనివాళ్లకి మాత్రం వస్తోంది.