తప్పు నాణెం: మోజు ఎలా పుట్టింది, ధర ఎందుకు పడింది

నెల్లూరు, ఒంగోలు, కావలి, గూడూరు ఎక్కడ చూసినా ఇళ్లలోని పాత చిల్లర డబ్బాలకు కొత్త గౌరవం వచ్చింది. అంచు తెగిన రూపాయి కనిపించినా, బొమ్మ పక్కకు జరిగిన రెండు రూపాయల బిళ్ల దొరికినా ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి ‘దీనికి ఎంత వస్తుంది?’ అని అడగడం మామూలైపోయింది. వీడియోల్లో లక్షలు పలుకుతాయి. అదే నాణేన్ని తెలిసిన వ్యాపారికి చూపిస్తే వందో, రెండు వందలో అంటాడు. చాలాసార్లు అసలు వద్దంటాడు. ఈ తేడా ఒక్కరోజులో వచ్చింది కాదు.

పాత నాణేనికి ధర కట్టడంలో నెల్లూరుకు పెద్ద చరిత్రే ఉంది. 1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రాళ్ల గుట్ట పక్కన దున్నుతున్న రైతు నాగలికి ఇటుక కట్టడం అడ్డుపడింది. తవ్వితే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఒక కుండ, కుండలో రెండో శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫౌస్టీనా రాణివి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోగా, ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా నాణేలను తిరిగి రాబట్టాడు. కొన్ని నిన్ననే అచ్చు వేసినట్టు మెరుస్తున్నాయనీ, కొన్నింటికి చిల్లులున్నాయనీ, బహుశా నగలుగా ధరించి ఉంటారనీ మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ లేఖలో రాశాడు. ఆ రైతును తప్పుపట్టలేం. ఆనాటి లెక్కలో నాణెం విలువ అంటే తూకమే.

ఇప్పటి స్టీలు బిళ్లకు తూకం ధర లేనట్టే. నాణేలు ముద్రించే టంకశాలలో జరిగిన పొరపాటే దాని ధర. ఆ పొరపాట్లలో రెండు రకాలు ఉన్నాయి, అసలు గొడవంతా ఈ తేడా తెలియకపోవడం వల్లే. ఒకటి అచ్చు పడేటప్పుడు జరిగేది: బిళ్ల సరిగా కుదురుకోక ముద్ర సగమే పడుతుంది, లేదా అంతకుముందు కొట్టిన నాణెం అచ్చుకే అంటుకుపోయి తర్వాతి బిళ్లకు ఒక వైపు బొమ్మ, మరో వైపు అదే బొమ్మ తిరగబడి లోపలికి పడుతుంది. దీన్ని సేకర్తలు బ్రోకేజ్ అంటారు, మన దేశంలో లఖీ నాణెం అని కూడా పిలుస్తారు. ఇలాంటివి ఒక్కొక్కటిగా పుడతాయి. రెండోది అచ్చులోనే ఉన్న లోపం. అచ్చు పగిలితే ఆ పగులు గీత దాని కింద పడిన ప్రతి నాణెం మీదా వస్తుంది. యంత్రాలు నిమిషానికి వందల నాణేలు కొడతాయి కనుక, ఎవరో గమనించి అచ్చు మార్చేలోగా ఎన్ని బయటికి వెళ్లాయో లెక్క ఉండదు. వీడియోల్లో ఎక్కువగా ఊదరగొట్టేది ఈ రెండో రకాన్నే. ఎందుకంటే అవే అందరికీ దొరుకుతాయి!

పొరపాటే లేని నాణేల మీదా మోజు పెంచారు. నాణెం మీది సంవత్సరం అంకె కింద ముంబయి టంకశాల వజ్రం గుర్తు, హైదరాబాదు నక్షత్రం, నోయిడా చుక్క వేస్తాయి. కోల్‌కతా ఏ గుర్తూ వేయదు. ఆ మాత్రం తెలియక ‘గుర్తు లేని అరుదైన నాణెం’ అంటూ అమ్మేవాళ్లున్నారు. చిల్లర కొరత తీరక ప్రభుత్వం 1985లో విదేశాల్లో నాణేలు కొట్టించి తెప్పించింది. ఆ ఏటి రూపాయి మీద ఉన్న హెచ్ అక్షరం బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాలది. కోట్లలో వచ్చిన సరుకు అది. 2012లో వచ్చిన వైష్ణోదేవి బొమ్మ అయిదు, పది రూపాయల నాణేలదీ ఇదే కథ. కిరాణా కొట్టులో పది రూపాయల బిళ్ల చెల్లదని తిప్పి పంపే ఊళ్లలోనే వాటిలో ఒకదానికి లక్షలు వస్తాయని నమ్మడం నాకు ఇప్పటికీ వింతే.

ధర ఎలా పడుతుందో తెలియాలంటే విదేశీ ఉదాహరణలు చూడాలి. 2007 ఫిబ్రవరిలో అమెరికా విడుదల చేసిన జార్జ్ వాషింగ్టన్ డాలరు నాణేలు కొన్ని అంచు మీది అక్షరాలు లేకుండానే బయటికొచ్చాయి. మొదట్లో ఒక్కొక్కటి వందల డాలర్లకు అమ్ముడైంది. వార్త పాకింది, జనం బ్యాంకుల నుంచి తెచ్చిన నాణేల చుట్టలు విప్పారు, వేలకు వేలు బయటపడ్డాయి, ధర కొద్ది కాలానికే పదుల డాలర్లకు దిగింది. 2009లో బ్రిటన్‌లో సంవత్సరం లేని ఇరవై పెన్నీల నాణెం దొరికినప్పుడు వేల పౌండ్ల మాట వినిపించింది. అలాంటివి యాభై వేల నుంచి రెండు లక్షల దాకా ఉండొచ్చని టంకశాల చెప్పాక ధర యాభై పౌండ్ల చుట్టుపక్కలకు చేరింది. ఎన్ని ఉన్నాయో తెలియనంతసేపే ధర నిలిచింది. ప్రచారమే ఆ సరుకును వెతికించి బయటికి లాగింది.

మన దగ్గరా అదే జరిగింది, కాకపోతే మోసం తోడైంది. పది రూపాయల నాణెంలోని నడిమి బిళ్లను కొట్టి ఊడదీసి, తిప్పి బిగించి టంకశాల పొరపాటుగా చూపిస్తున్నారు. ఆకురాయితో అంచు అరగదీసినవి, ఆమ్లంలో ముంచినవి కూడా సంతకు వస్తున్నాయి. (నాణేలను ధ్వంసం చేయడాన్ని 2011 నాణేల చట్టం నిషేధించిందని వీళ్లకు గుర్తు చేసేవాళ్లు లేరు.) దాంతో నిజమైన పొరపాటు నాణేన్ని కూడా కొనేవాడు అనుమానంగానే చూస్తున్నాడు. విదేశీ సంస్థలతో పరీక్ష చేయించి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేయించవచ్చు గానీ, చిన్నా చితకా నాణేలకు ఆ రుసుమే అసలు ధరను మించుతుంది.

ఇక కొనేవాళ్లమంటూ ఫోను చేసేవాళ్ల సంగతి. రిజర్వు బ్యాంకు పేరు, చిహ్నం వాడుకుని పాత నాణేల అమ్మకానికి రుసుము, కమీషన్, పన్ను కట్టమంటున్నారని, తమకు అలాంటి వ్యాపారంతో సంబంధం లేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టు 4న ప్రకటించింది. నాణెం అమ్మబోయి ఎదురు డబ్బు పంపినవారు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు వెంటనే ఫోను చేస్తే ఆ సొమ్మును మధ్యలో ఆపే వీలుంటుంది.