కాలేజీ ఐస్ హాకీ: కోచ్‌ల గురించి, ఆడి మానేసినవాళ్ల గురించి మనవాళ్ల అపోహలు

అమెరికాలో ఒక యూనివర్సిటీలో క్రీడాకారుల చదువు వ్యవహారాలు చూడటం నా ఉద్యోగం. ఎవరికి క్రెడిట్లు తగ్గాయి, ఏ కోర్సు వదిలేస్తే ఆడే అర్హత పోతుంది, మ్యాచ్ కోసం ఊరు దాటాలంటే ఏ ప్రొఫెసర్‌కి ముందుగా లెటర్ అందాలి... రోజంతా ఇదే గోల. నా గదికి ఎక్కువగా వచ్చేది ఐస్ హాకీ ఆడేవాళ్లే. మినియాపొలిస్, బోస్టన్, డెట్రాయిట్ వైపు మన తెలుగు పిల్లలు కూడా తెల్లారకముందే కిట్ బ్యాగులు మోసుకుంటూ రింకులకు వెళ్తున్నారు. వాళ్ల అమ్మానాన్నలు నన్ను అడిగే మాటల్లోంచి ఏరినవే ఇవి.

అపోహ: డ్రాఫ్ట్ అయితే కాలేజీ మానేయాల్సిందే

అక్కర్లేదండీ. ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల పెద్ద ప్రొఫెషనల్ హాకీ లీగ్) జట్టు ఒక కుర్రాణ్ణి డ్రాఫ్ట్ చేసిందంటే, రేపు అతను ఒప్పందం రాసుకుంటే తమతోనే రాసుకోవాలని హక్కు తెచ్చుకుందన్నమాట, అంతే. సంతకం పెట్టేదాకా కాలేజీలో నిక్షేపంగా ఆడుకోవచ్చు. కెనడాలో కుర్రాళ్ల పై స్థాయి లీగులైన మేజర్ జూనియర్ లీగుల్లో ఆడితే కాలేజీ తలుపులు మూసుకుపోతాయన్న మాట మాత్రం ఒకప్పుడు నిజమే. అక్కడ పిల్లలకు చేతిఖర్చులకు డబ్బులిస్తారు కాబట్టి వాళ్లను ప్రొఫెషనల్స్ కింద లెక్కగట్టేవారు. 2025 ఆగస్టు నుంచి ఆ నిబంధన లేదు. ఆ లీగుల్లోని మెడిసిన్ హ్యాట్ జట్టులో మెరిసిన గావిన్ మెకెన్నా ఆ ఏడాదే పెన్ స్టేట్‌లో చేరాడు. మీకు సలహా ఇచ్చే పెద్దమనిషి పాత రూలే చెబుతుంటే, ఆయన ఈ మధ్య వార్తలు చూడటం లేదని అర్థం.

అపోహ: కోచ్ అంటే విజిల్ వేసుకుని మంచు మీద ఉండే మనిషి

సీజన్‌లో ఆటగాళ్ల నుంచి కోచ్ తీసుకోగలిగేది వారానికి 20 గంటలు, రోజుకు నాలుగు. ఒకరోజు సెలవు తప్పనిసరి. మరి కోచ్ మిగతా టైమంతా ఏం చేస్తాడు? పిల్లల్ని వెతుకుతాడు. ఆ పని ఎక్కువగా అసిస్టెంట్ల నెత్తిన పడుతుంది. ఫార్గో, ఒమాహా, గ్రీన్ బే లాంటి ఊళ్ల జూనియర్ మ్యాచ్‌లకు వెళ్లి, గోల్ కొట్టినవాడి కంటే గోల్ పడ్డాక బెంచీ మీద కూర్చున్నవాడి మొహాన్నే ఎక్కువసేపు చూస్తారు. హాకీలో ఫ్రెష్‌మన్ (కాలేజీ మొదటి ఏడాది విద్యార్థి) అంటే పద్దెనిమిదేళ్లవాడే అనుకోకండి. రెండేళ్లు జూనియర్స్ ఆడి, ఇరవై దాటాక వచ్చేవాళ్లు బోలెడుమంది.

వేరే కాలేజీకి మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక ఇంకో తలనొప్పి మొదలైంది. ఉన్నవాళ్లు వెళ్లిపోకుండా చూసుకోవడం కూడా కోచ్ పనే. మార్చిలో సీజన్ ఓడి ముగిసిన మర్నాడే ఒక్కొక్కర్నీ గదిలోకి పిలిచి మాట్లాడతారు. ఆ వారం మా ఆఫీసు ఫోన్లు ఆగవు: వీడు వెళ్తే ఎన్ని క్రెడిట్లు చెల్లుతాయి, వచ్చేవాడి కోర్సులు ఇక్కడ ఒప్పుకుంటారా అని.

అపోహ: గొప్ప ఆటగాడే గొప్ప కోచ్ అవుతాడు

దీన్ని మటుకు అంత తేలిగ్గా తీసిపారేయలేం. 1960 స్క్వా వ్యాలీ ఒలింపిక్స్‌కు ముందు అమెరికా జట్టులోంచి చిట్టచివర్లో తీసేసిన కుర్రాడు హెర్బ్ బ్రూక్స్. ఆ జట్టు స్వర్ణం గెలిచింది, ఈయన ఇంట్లో కూర్చుని చూశాడు. తర్వాత మిన్నెసోటా యూనివర్సిటీకి కోచ్‌గా 1974, 1976, 1979ల్లో జాతీయ కాలేజీ టైటిళ్లు తెచ్చాడు. 1980లో లేక్ ప్లాసిడ్‌లో కాలేజీ కుర్రాళ్లతో సోవియట్ జట్టును 4-3తో ఓడించి, ఫిన్లాండ్ మీద కూడా గెలిచి స్వర్ణం అందుకున్నాడు. ఆ 20 మందిలో తొమ్మిదిమంది ఆయన మిన్నెసోటా శిష్యులే. ఎవణ్ణి ఎక్కడ కదిపితే ఎలా ఆడతాడో కోచ్‌గా ఆయనకు ముందే తెలుసు. సోవియట్ల మీద ఆ గెలుపును అద్భుతం అంటూ ఊదరగొట్టేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

అలాగని జట్టులోంచి తీసేయబడితేనే కోచ్ అవుతాడని కాదు. అదే 1960 స్వర్ణం జట్టులో ఆడిన బిల్ క్లియరీ 1989లో హార్వర్డ్‌కి టైటిల్ తెచ్చాడు.

నాకు వీళ్లందరికంటే ఆసక్తిగా అనిపించే మనిషి డెన్వర్ కోచ్ డేవిడ్ కార్ల్. 2008 డ్రాఫ్ట్‌కు ముందు గుండె కండరం మందమయ్యే జబ్బు బయటపడి, కాలేజీలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఆట మానేశాడు. అయినా ఎన్‌హెచ్‌ఎల్‌లోని టాంపా బే జట్టు చివరి రౌండులో అతని పేరు పిలిచింది. డెన్వర్ స్కాలర్‌షిప్ వెనక్కి తీసుకోలేదు. చదువుకుంటూనే స్టూడెంట్ అసిస్టెంట్‌గా వీడియోలు చూస్తూ పని నేర్చుకున్నాడు. తర్వాత గ్రీన్ బేలో జూనియర్ జట్టుకు అసిస్టెంట్, 2014లో మళ్లీ డెన్వర్, 2018లో హెడ్ కోచ్. అతని జట్టు 2022లో, 2024లో జాతీయ టైటిల్ గెలిచింది. గాయమై ఆట పోయిన కుర్రాడు నా ముందు తలవంచుకుని కూర్చుంటే నేను మొదట ఎత్తేది ఈ పేరే.

అపోహ: ఎన్‌హెచ్‌ఎల్‌కి వెళ్లడమే కోచ్‌కి ప్రమోషన్

నెడ్ హార్క్‌నెస్ 1970లో కార్నెల్ జట్టును 29 మ్యాచ్‌లకు 29 గెలిపించాడు. అదే ఏడాది ఎన్‌హెచ్‌ఎల్ జట్టు డెట్రాయిట్ రెడ్ వింగ్స్‌కు వెళ్తే 38 మ్యాచ్‌ల్లో 12 గెలిచాడు. కాలేజీ పిల్లల మీద చెల్లిన క్రమశిక్షణ సంపాదనపరులైన పెద్దవాళ్ల మీద చెల్లలేదు. బాబ్ జాన్సన్‌ది దీనికి పూర్తిగా రివర్సు. విస్కాన్సిన్‌కు మూడు టైటిళ్లు తెచ్చి, 1991లో పిట్స్‌బర్గ్‌కు ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ కూడా తెచ్చాడు. జెర్రీ యార్క్ అసలు కాలేజీ దాటి వెళ్లలేదు. క్లార్క్‌సన్, బౌలింగ్ గ్రీన్, బోస్టన్ కాలేజీ కలిపి 1,123 విజయాలు, అయిదు టైటిళ్లు. 2022లో రిటైరయ్యాడు. ఆయన కెరీర్ చిన్నదని ఎవరైనా అనగలరా?

అపోహ: ఎన్‌హెచ్‌ఎల్ ఆడకపోతే ఆ నాలుగేళ్లు దండగ

1980లో సోవియట్ల మీద ఆ నాలుగో గోల్ కొట్టిన కెప్టెన్ మైక్ ఎరుజియోనే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఒలింపిక్స్ అవగానే స్కేట్లు విప్పేశాడు. తర్వాత టీవీ వ్యాఖ్యానం, ప్రసంగాలు, తను చదివిన బోస్టన్ యూనివర్సిటీలోనే ఉద్యోగం. ఇక ఆడినవాళ్లలో కెన్ డ్రైడెన్‌ది వేరే దారి. కార్నెల్ డిగ్రీ చేతిలో పెట్టుకుని, మాంట్రియల్‌కు గోల్‌కీపర్‌గా ఆడుతూనే మెక్‌గిల్‌లో లా పూర్తిచేశాడు. జీతం దగ్గర బేరం కుదరక 1973-74 సీజన్ మొత్తం వదిలేసి టొరంటోలో లా ఆఫీసులో పనిచేశాడు. చివరికి కెనడాలో మంత్రి కూడా అయ్యాడు.

మా కుర్రాళ్ల సంగతి ఇంత ఘనంగా ఏమీ ఉండదు లెండి. శుక్ర, శనివారాలు వేరే ఊళ్లో మ్యాచ్‌లు, ఆదివారం తెల్లవారుజామున బస్సు దిగడం. సోమవారం పొద్దున్న మణికట్టుకు ఐస్ కట్టుకుని, ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబ్ మళ్లీ ఎప్పుడు చేయాలని అడుగుతాడొకడు. బస్సులో లైట్లు తీసేశాక ఫోన్ వెలుతురులో రిపోర్టు రాశానంటాడు. డిగ్రీ అయ్యాక వీళ్లలో కొందరు మైనర్ లీగుల్లోనో, యూరప్‌లోనో కొన్నేళ్లు ఆడతారు. ఎక్కువమంది బ్యాంకుల్లో, అమ్మకాల్లో, ఆస్పత్రుల్లో తేలతారు. జట్టు పాత సభ్యుల వాట్సాప్ గ్రూపులో ఉద్యోగం ఖాళీ అని పడితే సాయంత్రంలోగా ముగ్గురి రెజ్యూమేలు వెళ్లిపోతాయి.

అపోహ: ఆడపిల్లలకు, స్కాలర్‌షిప్ రానివాళ్లకు ఈ దారి లేదు

2024 జనవరిలో మహిళల ప్రొఫెషనల్ హాకీ లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్ మొదలైంది కాబట్టి మొదటి మాట పాతబడింది. కోచింగ్‌లోనూ అంతే. 1980లో సోవియట్ల మీద రెండు గోల్స్ కొట్టిన మార్క్ జాన్సన్, పైన చెప్పిన బాబ్ జాన్సన్ కొడుకే. 2002లో విస్కాన్సిన్ పురుషుల జట్టు కోచ్ పదవి దక్కక మహిళల జట్టు తీసుకున్నాడు. 2025 నాటికి ఆ జట్టుకు ఎనిమిది జాతీయ టైటిళ్లు.

స్కాలర్‌షిప్ సంగతి: హార్వర్డ్, కార్నెల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు ఆట పేరు మీద స్కాలర్‌షిప్ ఇవ్వవు, కాలేజీ క్రీడల్లో కింది స్థాయి అయిన మూడో డివిజన్ కాలేజీలూ ఇవ్వవు. అక్కడ దొరికేది ఇంటి ఆదాయాన్ని బట్టి వచ్చే సాయం. మూడో డివిజన్‌లో అయితే మార్కులకు ఇచ్చే స్కాలర్‌షిప్ కూడా ఉండొచ్చు. ఆ కాలేజీల కోచ్‌లకు ఆట వీడియో పంపేటప్పుడు టెన్త్ గ్రేడ్ నుంచి మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్ కూడా అదే మెయిల్లో జతచేయండి. ఎలాగూ అడుగుతారు.