ఫరహాబాద్ సఫారీలో చెవులకే ఎక్కువ పని

నల్లమల అడవిలోని ఫరహాబాద్ సఫారీ కోసం మన్ననూరులో బండి ఎక్కినవాళ్లు అడిగే మొదటి మాట: పులి కనిపిస్తదా? కనిపించకపోవడమే మామూలు. లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. ఒక పెద్దపులి ఏడాదికి సుమారు 50 దుప్పుల పాటి మాంసం తింటుంది. తాను తిరిగే చోట ఉన్న మేత జంతువుల్లో పదో వంతుకు మించి చంపితే ఆ మందలు తరిగిపోతాయి. అంటే ఒక్క పులి వెనుక 500 జంతువులు ఉండాలి. రాతినేల, పలచని మట్టి, ఎండాకాలం ఇంకిపోయే వాగులు ఉన్న నల్లమలలో అన్నింటికి మేత దొరకాలంటే ఎంతో విశాలమైన అడవి కావాలి. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకున్న అమ్రాబాద్ టైగర్ రిజర్వు 2,611 చదరపు కిలోమీటర్లు. బండి తిరిగేది అందులో ఒక సన్నని దారి వెంటే. అయినా ఆ దారి మీదే పులి సంగతులు చాలా దొరుకుతాయి, వెతకడం తెలిస్తే.

ముందు కాలం చూసుకోవాలి. జూలై నుంచి సెప్టెంబర్ చివరి దాకా సఫారీ మూసేస్తారు. అక్టోబర్, నవంబర్‌లలో అడవి పచ్చగా ఉంటుంది గానీ నిలువెత్తు గడ్డిలో పది అడుగుల దూరంలో ఉన్న జంతువు కూడా కనపడదు. ఫిబ్రవరి నుంచి టేకు, నల్లమద్ది ఆకు రాల్చడంతో చూపు లోపలికి పోతుంది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూల కోసం తెల్లవారుజామున ఎలుగుబంట్లు చెట్ల కిందికి వస్తాయి. మే నెలలో ఎండ భరించలేం. కానీ జంతువులన్నీ నీళ్ల చుట్టే తిరుగుతాయి. అటవీశాఖ ట్యాంకర్లతో నింపే సాసర్ పిట్ల (పళ్లెంలాంటి నీటి తొట్ల) దగ్గర బండి ఆపి అరగంట కదలకుండా కూర్చుంటే, రెండు గంటలు తిరిగినదానికంటే ఎక్కువ చూస్తారు. ఆపమని డ్రైవర్‌ను అడగండి.

పొద్దున్నే మొదటి బండిలో పోవడం మేలు. రాత్రంతా నడిచిన జంతువుల అడుగులు దుమ్ములో చెరగకుండా ఉంటాయి. పులి, చిరుత బండిబాట మీద నడవడానికి ఇష్టపడతాయి. ఎండుటాకుల మీద అడుగేస్తే చప్పుడవుతుంది, మెత్తని దుమ్ము మీద కాదు. పిల్లి జాతి అడుగులో గోళ్లు పడవు. కుక్క, రేసుకుక్క, దుమ్ములగొండి అడుగుల్లో గోళ్ల గుర్తులు ఉంటాయి. పెరిగిన పులి అడుగు వెడల్పు సాధారణంగా 12 సెంటీమీటర్లకు పైనే, చిరుతది పది లోపు. ఇక్కడే పొరపాట్లు జరుగుతాయి. వదులు దుమ్ములో అడుగు పక్కలకు జారి పెద్దగా కనపడుతుంది, పులిపిల్ల అడుగేమో చిరుతదిలా ఉంటుంది. అందుకే అడుగులు చూసి పులుల్ని లెక్కించే పద్ధతిని మన దేశంలో వదిలేశారు. ఇప్పుడు బాటకు రెండు పక్కలా కెమెరాలు పెడతారు. పులి ఎడమ పక్క చారలకు కుడి పక్క చారలకు పోలిక ఉండదు, ఒక పక్క ఫొటోను ఇంకో పక్క ఫొటోతో పోల్చి అదే పులని తేల్చలేం.

అడుగు తాజాదా కాదా అన్నది ఇంకా పనికొచ్చే ప్రశ్న. నిన్నటి టైరు గుర్తు మీద పడిందా, దాని కింద ఉందా చూడండి. అంచులు పదునుగా ఉన్నాయా, పురుగులు దాని మీదుగా పాకిన గీతలున్నాయా, దుమ్ములో గరాటులాంటి గుంతలు చేసే పురుగు ఆ అడుగులోనే గుంత తవ్విందా? తవ్వి ఉంటే ఆ పులి పోయి చాలాసేపయింది.

ఇక అరుపులు. పులిని చూపించే అసలు పని వీటిదే. ఇంజన్ ఆపగానే వినడం మొదలుపెట్టాలి. కొండముచ్చు పైన కొమ్మల్లో ఉండి దూరం చూస్తుంది, దగ్గులాంటి గరుకు అరుపు అరుస్తుంది. దాని ముఖం ఎటుందో చూడండి, కిందికి ఒకే చోటికి చూస్తూ అరుస్తుంటే ఆ చోటే ముఖ్యం. చుక్కల దుప్పులు కొండముచ్చుల కింద మేయడం మామూలే. పై నుంచి రాలిన ఆకులు, కాయలు దుప్పులకు మేత, పైవాళ్ల చూపు వాటికి కాపలా. దుప్పి సన్నగా, కీచుమని అరిచి ముందుకాలితో నేలను కొడుతుంది. అయితే అది భయస్తురాలు. కుక్కకీ అరుస్తుంది, మీ బండికీ అరుస్తుంది. ఒక్కసారి అరిచి మేతలో పడితే పట్టించుకోనక్కరలేదు. మంద మొత్తం మేత మాని, చెవులన్నీ ఒకే దిక్కుకు తిప్పి, ఆగకుండా అరుస్తుంటే ఆగాల్సిందే. కణితి, అంటే సాంబర్, ఊరికే అరవదు. దాని గొంతు డప్పు మీద ఒక్క దెబ్బలా ఖణేల్‌మంటుంది. అది వరుసగా అరుస్తుంటే పులో చిరుతో దగ్గర్లో ఉందని గట్టిగా నమ్మవచ్చు.

శత్రువుకు తన చోటు తెలిసిపోయేలా దుప్పి ఎందుకు అరుస్తుందన్న సందేహం రావచ్చు. పులి దొంగచాటుగా దగ్గరికొచ్చి దూకే జంతువు, చాలాదూరం తరమలేదు. 'నిన్ను చూశాను' అని తెలిశాక దానికి ఆ వేట దండగ. కాబట్టి అరుపు తోటివాళ్లకు హెచ్చరికే కాక, పులికి కూడా కబురు. అరుపులు ఒక చోట మొదలై చెట్టు చెట్టుకూ జరుగుతుంటే పులి ఆ దారిన నడుస్తోంది. బండిని అరుపుల వెంట తరమొద్దు, అవి పోతున్న దిక్కున బాటను దాటే చోటుకు ముందే పోయి ఆపాలి. అరుపులు హఠాత్తుగా ఆగిపోతే పులి పడుకుందనో, కంటికి మరుగైందనో అనుకోవాలి.

బైనాక్యులర్ కొనేవాళ్లు 8x42 తీసుకోండి. 8 అంటే ఎన్నింతలు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో. 42ను 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్లు, కంటిలోకి వచ్చే వెలుతురు వలయం అంత వెడల్పు. 10x42లో అది 4.2కు తగ్గుతుంది, తెల్లవారుజామున తేడా తెలుస్తుంది. పైగా పదింతలు పెంచితే చేతి వణుకూ పదింతలే.

బట్టల విషయంలో జనం భయపడే రంగు ఒకటి, భయపడాల్సింది ఇంకొకటి. జింక జాతికి ఎరుపు, నారింజ సరిగా తెలియవు, పులి వాటికి పచ్చికలో కలిసిపోయేది అందుకే. నీలం మాత్రం బాగా కనపడుతుంది. జీన్స్ ప్యాంటు, తెల్ల చొక్కా వద్దు, ఖాకీనో మట్టిరంగో వేసుకోండి. సెంటు పూసుకోవద్దు. బండిలో లేచి నిలబడొద్దు. కూర్చున్నంతసేపు జంతువుకు మీరూ బండీ కలిపి ఒకే ఆకారం, నిలబడితే మనిషి ఆకారం బయటపడుతుంది, మంద పరుగెత్తుతుంది.

మల్లెలతీర్థం జలపాతం మెట్ల మీదో, సలేశ్వరం జాతర దారిలోనో నడిచేటప్పుడు చప్పుడు చేయకూడదన్న నియమం తిరగబడుతుంది. అక్కడ మాట్లాడుతూ నడవాలి. ఎలుగుబంటి పుట్టను తవ్వి చెదలు పీల్చేటప్పుడు దాని చప్పుడే దానికి చాలు, మనిషి అలికిడి వినపడదు. చూపు కూడా అంతంతే. మలుపులో ఎదురుపడితే బెదిరి మీద పడుతుంది.

శ్రీశైలం నుంచి తిరిగొచ్చేవాళ్లు రాత్రి 9 లోపు మన్ననూరు గేటు దాటేలా బయలుదేరాలి. ఆ తర్వాత పొద్దున 6 దాకా అడవి దారి మూసేస్తారు, చీకట్లో బండ్ల కింద జంతువులు పడకుండా.