బరంపురం గొడవకు 1968 నాటి మూలం

బరంపురంలో ఓ తెలుగు కుర్రాడి యానిమేషన్‌ను షార్ట్ ఫిల్మ్ పోటీ నుంచి తప్పించడంతో, ఇతరుల బొమ్మలు కత్తిరించి తీసింది సొంత సృష్టేనా అన్న పాత గొడవ మళ్లీ రాజుకుంది. రవివర్మ అచ్చుబొమ్మలు, పట్టుచీరల దుకాణాల పాత క్యాలెండర్లు కత్తిరించి తీశాడు దాన్ని. లక్ష్మీదేవి తామర మగ్గంగా మారుతుంది. దారాల మధ్య నుంచి బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలోని పులివేషగాడు తల బయటపెడతాడు. సొంతంగా గీసిన బొమ్మ ఒక్కటీ లేదన్నది నిర్వాహకుల అభ్యంతరం. కుర్రాడు తనకు దారిగా చూపిస్తున్నది ఇలాగే కత్తిరించిన బొమ్మలతో యానిమేషన్ చేసిన దర్శకుడు టెర్రీ గిలియమ్‌ను.

ఆయన బొమ్మలు ఆడించిన బ్రిటిష్ టీవీ హాస్య కార్యక్రమం మాంటీ పైథాన్ సంగతి, ఆయన తీసిన 'బ్రెజిల్' సినిమా సంగతి సినిమా పిచ్చి ఉన్నవాళ్లకు తెలిసిందే. అసలు మలుపు 1968లో ఉంది. అమెరికా నుంచి వచ్చి లండన్‌లో కుదురుకుంటున్న గిలియమ్‌కు, రేడియోలో వ్యాఖ్యాత జిమ్మీ యంగ్ పాటల మధ్య విసిరే శ్లేషలకు బొమ్మలు కట్టే పని దొరికింది. చేతిలో ఉన్నది రెండు వారాలు, 400 పౌండ్లు. ఫ్రేము ఫ్రేముకూ గీస్తూ కూర్చుంటే అయ్యే పని కాదు. అంతకుముందు న్యూయార్క్‌లో చూసిన, ప్రయోగాత్మక సినిమాలు తీసే స్టాన్ వాండర్‌బీక్ సినిమా గుర్తొచ్చింది. అందులో ఫొటోలో నిక్సన్ నోట్లో పాదం పెట్టుకుని మాట్లాడబోతుంటాడు. గిలియమ్ కూడా ఫొటోలు కత్తిరించి కెమెరా కింద జరపడం మొదలుపెట్టాడు. ఆ క్రిస్మస్‌కు లండన్ టేట్ గ్యాలరీలోని విక్టోరియా కాలం గ్రీటింగ్ కార్డులను ఫొటోకాపీ తీసి ఆడించాడు.

1969లో మొదలైన మాంటీ పైథాన్‌లో ఆకాశం నుంచి దిగి అన్నిటినీ తొక్కేసే పెద్ద పాదం పదహారో శతాబ్దపు చిత్రకారుడు బ్రోంజినోది. అసలు చిత్రంలో అది కింద ఎడమ మూల, పావురం పక్కన నాజూగ్గా ఆనిన మన్మథుడి కాలు. దాన్ని చూసి ఎవరైనా భయపడతారా? టీవీలో దాని బరువంతా గిలియమ్ కల్పనే. వెనక వినిపించే, అమెరికా సంగీతకారుడు సూసా కట్టిన కవాతు బాణీ కూడా హక్కులు తీరిపోయినదే. తర్వాతి సినిమాల్లో వేర్వేరు కాలాల వస్తువులు ఒకే గదిలో ఇరుక్కుని కనిపించడం కూడా ఈ కత్తెర పనిలోంచే వచ్చిందని నా నమ్మకం.

ఇక ఇతరుల బొమ్మలు వాడుకునే హక్కు సంగతి. మన కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్లకు హక్కు తీరిపోతుంది. రవివర్మ 1906లోనే పోయారు. క్యాలెండర్ల విషయంలో మాత్రం నిర్వాహకుల మాటలో న్యాయముంది. వాటిని గీసినవాళ్లలో కొందరు ఇంకా బతికే ఉండొచ్చు. వాళ్లను వెతికి అనుమతి అడగాలి, పేరు వేయాలి. అందుకు గడువిస్తే సరిపోయేది. పోటీ నిబంధనల్లో ఇలా బొమ్మలు కత్తిరించి ఆడించే కట్-అవుట్ పద్ధతిపై నిషేధమే లేనప్పుడు సినిమా మొత్తాన్ని తీసేయడానికి ఆధారమేమిటో నిర్వాహకులు ఇంతవరకు చెప్పలేదు.