విదేశం వెళ్తే ఇంట్లో తెలుగు ఆపేయాలా? పిల్లల మాటల గురించి అపోహలు - వాస్తవాలు

వీసా స్టాంపింగ్ అయిపోయి సామాను సర్దుకుంటున్న తల్లిదండ్రులు కూకట్‌పల్లిలోని మా స్పీచ్ థెరపీ క్లినిక్‌కి వచ్చి అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మేడమ్, ఇప్పట్నుంచే ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమంటారా?" అప్పటికే వెళ్లి స్థిరపడే ప్రయత్నంలో ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో ఆ ప్రశ్న కూడా అడగరు. "తెలుగు పూర్తిగా మానేశాం మేడమ్, అయినా బాబు స్కూల్లో నోరు విప్పట్లేదట" అంటారు.

ఆ తల్లిదండ్రుల మీద నాకు కోపం రాదు. కొత్త ఊరు, కొత్త ఉద్యోగం, చేతిలో చెయ్యి వేసేవాళ్లు ఎవరూ లేరు, పైగా పిల్లాడు వెనకబడిపోతాడేమోనని భయం. ఆ భయంలో ఎవరు ఏం చెప్పినా చేసేస్తారు. నా కోపమంతా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహాల మీద. "మా వాడికి తెలుగు ఆపేశాం, మూడు నెలల్లో గలగలా మాట్లాడేశాడు" అని ఒకరు రాస్తే నలభై ఇళ్లల్లో తెలుగు ఆగిపోతోంది. ఆ పిల్లాడు రోజుకు ఆరేడు గంటలు స్కూల్లో ఇంగ్లీష్ విన్నాడు. ఇంట్లో తెలుగు ఉన్నా వాడికి ఆ మాటలు వచ్చేవే.

అపోహ: ఇంట్లో తెలుగు ఆపితేనే ఇంగ్లీష్ వస్తుంది

నేను చూసినంతలో మన కుటుంబాలు ఎక్కువ నష్టపోయేది దీనివల్లే. అందుకే దీని గురించి ఎక్కువసేపు మాట్లాడతాను.

ముందు మీ ఇంట్లో స్నానం వేళ ఒకసారి గుర్తుచేసుకోండి. తెలుగులో అమ్మ ఏమంటుంది? "ఆగాగు, నీళ్లు కాలిపోతున్నాయి, కాసిని చన్నీళ్లు కలపనీ. ఇప్పుడు వేలు పెట్టి చూడు. గోరువెచ్చగా అయ్యాయా? సబ్బు కళ్లల్లో పడితే మండుతుంది, గట్టిగా మూసుకో." ఈ నాలుగు మాటల్లో వేడి, చల్లన, ఆ రెంటి మధ్యది, ముందు, తర్వాత, ఇలా చేస్తే ఇలా అవుతుందనే కారణం, అన్నీ ఉన్నాయి. అదే అమ్మ "ఇంగ్లీషే మాట్లాడాలి" అని పెట్టుకున్న రోజు ఏమంటుంది? "కమ్. సిట్. డోంట్ మూవ్. క్లోజ్ యువర్ ఐస్." ఆమెకు ఇంగ్లీష్ రాకపోవడం ఇక్కడ సమస్య కాదు. ఆఫీసులో ప్రెజెంటేషన్ ఇస్తుంది, క్లయింట్లతో గంటలు గంటలు మాట్లాడుతుంది. కానీ పిల్లల్ని లాలించే ఇంగ్లీష్, బుజ్జగించే ఇంగ్లీష్, కథ చెప్పే ఇంగ్లీష్ ఆమె ఎవరి దగ్గరా వినలేదు. దాంతో ఇంట్లో మాటలు ఆజ్ఞలుగా మిగులుతాయి. పిల్లాడికి ఇంగ్లీష్ పెరగదు, ఉన్న తెలుగు తగ్గిపోతుంది.

ఒక కుటుంబం గురించి చెప్తాను. మియాపూర్ నుంచి టెక్సాస్ వెళ్లారు. బాబుకి నాలుగేళ్లు. స్కూల్లో మాట్లాడట్లేదని టీచర్ కబురు చేయగానే ఇంట్లో తెలుగు బంద్. వేసవి సెలవుల్లో హైదరాబాద్ వచ్చినప్పుడు నా దగ్గరికి తీసుకొచ్చారు, వెంట నానమ్మ కూడా వచ్చింది. నేను వంటింటి బొమ్మలు నేల మీద పరిచి, వాళ్లమ్మను ఆడించమని పక్కన కూర్చున్నాను. "వాట్ కలర్ ఈజ్ దిస్? హౌ మెనీ స్పూన్స్?" అని ఆమె అడుగుతోంది. బాబు "రెడ్" అన్నాడు, "టూ" అన్నాడు, వీపు తిప్పేసుకున్నాడు. కాసేపటికి పెనం తీసి బొమ్మ పొయ్యి మీద పెట్టాడు. తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న నానమ్మ ఉండబట్టలేక, "ఒరేయ్, నూనె వెయ్యకుండా దోసె పోస్తే అతుక్కుపోదూ?" అంది. వాడు పెనం వంక చూశాడు. ఖాళీ కప్పు తీసి పెనం మీద వంచాడు. "చుయ్" అన్నాడు. అట్లకాడ దొరక్క చెంచాతోనే తిరగేసి, "కాలింది. నానమ్మా, ఇది నీకు. చట్నీ లేదు, రేపు చేస్తా" అన్నాడు.

రేపు చేస్తానని ముందురోజే చెప్పగలిగినవాడికి భాష లేదని ఎలా అంటాం? వాళ్లమ్మ ఏడ్చేసింది. "మాతో ఇలా మాట్లాడి నెలలైంది మేడమ్" అంది. తర్వాత వాళ్లు ఇంట్లో తెలుగు మొదలుపెట్టారు. ఆ ఏడాదే స్కూల్లో ఇంగ్లీష్ కూడా వచ్చింది. తెలుగు వల్లే వచ్చిందని నేను చెప్పను, అది స్కూల్లో వినీ వినీ వచ్చింది. తెలుగు దానికి అడ్డు రాలేదని మాత్రం గట్టిగా చెప్తాను.

కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్నాళ్లు మాట్లాడకుండా వింటూ ఉంటారు. కొందరికి కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు. దీన్ని సైలెంట్ పీరియడ్ అంటాం. టీచర్ చెప్పింది చేస్తున్నాడా, చేయి పట్టుకుని చూపిస్తున్నాడా, తోటి పిల్లల వెంట తిరుగుతున్నాడా, ఇంట్లో తెలుగులో మామూలుగా మాట్లాడుతున్నాడా చూడండి. ఇవన్నీ ఉంటే కంగారు పడొద్దు. ఆ మధ్యలో తెలుగు కూడా తీసేస్తే వాడికి నోరు విప్పడానికి ఇంట్లోనూ చోటుండదు.

ఇంకో సంగతి. ఆటస్థలంలో మాట్లాడే ఇంగ్లీష్ వేరు, పాఠం అర్థం చేసుకునే ఇంగ్లీష్ వేరు. టొరంటోలో పనిచేసిన భాషా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1980ల నుంచీ చెబుతున్నది ఇదే. మొదటిది ఒకటి రెండేళ్లలో వస్తుంది, రెండోదానికి ఐదు నుంచి ఏడేళ్లు పట్టవచ్చు. ఆ పొడుగాటి ప్రయాణంలో పిల్లాడికి తెలుగులో వచ్చిన ఆలోచనంతా పనికొస్తుంది. తెలుగులో 'బరువు', 'తేలిక' తెలిసిన పిల్లకు ఇంగ్లీష్‌లో ఆ మాట ఒక్కటి నేర్పితే చాలు. ఆ ఊహే లేని పిల్లకు ఊహా, మాటా రెండూ నేర్పాలి.

జర్మనీ వెళ్లినవాళ్లు కూడా ఇంట్లో ఇంగ్లీష్ మొదలెడుతున్నారు. ఇది నాకు అసలు అర్థం కాదు. పిల్ల రోజంతా కిటాలో, అంటే అక్కడి డేకేర్‌లో, జర్మన్ వింటుంది, సాయంత్రం ఇంటికొస్తే అమ్మానాన్నల ఇంగ్లీష్. మరి పిల్ల సొంతంగా, హాయిగా మాట్లాడే భాష ఏది?

కొన్నిసార్లు ఈ సలహా అక్కడి టీచరో డాక్టరో ఇస్తారు. వాళ్లు మంచి ఉద్దేశంతోనే చెప్తారు కాబట్టి కాదనడం కష్టం. వాళ్లకు మర్యాదగా ఒక్క మాట చెప్పండి: అమెరికన్ స్పీచ్-లాంగ్వేజ్-హియరింగ్ అసోసియేషన్ కూడా ఇంటి భాష వదిలేయమని చెప్పదు. మాటలు ఆలస్యమైన పిల్లల విషయంలోనూ ఇంతే. ఆటిజం ఉన్న పిల్లలు, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు కూడా రెండు భాషలు నేర్చుకోగలరని, దానివల్ల వాళ్లకు అదనపు నష్టం లేదని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ పిల్లల తల్లులకే ఈ మాట ఇంకా ముఖ్యం. ఇంట్లో అందరూ తెలుగులో నవ్వుకుంటుంటే ఆ ఒక్క పిల్లాడితో మాత్రం ఇంగ్లీష్‌లో మాట్లాడటం ఎంత అన్యాయమో ఆలోచించండి.

అపోహ: రెండు భాషలు కలిపితే కన్‌ఫ్యూజ్ అవుతారు

హైదరాబాద్‌లో పుట్టి ఈ మాట ఎలా అంటాం? ఇంట్లో తెలుగు, వాచ్‌మన్‌తో హిందీ, స్కూల్లో ఇంగ్లీష్. సికింద్రాబాద్ వైపు వెళ్తే తమిళమో మరాఠీయో ఇంకోటి తోడు. మన పిల్లలు ఎవరితో ఏది మాట్లాడాలో రెండున్నర మూడేళ్లకే పసిగడతారు. "మమ్మీ, బాల్ అక్కడ పడింది" అన్నంత మాత్రాన భయపడకండి, మీరూ అలాగే మాట్లాడతారు కదా.

రెండు భాషల వల్ల స్పీచ్ డిలే రాదు. కాకపోతే లెక్క వేసేటప్పుడు రెండు భాషల మాటలూ కలిపి వేయాలి. పాప తెలుగులో ముప్పై, ఇంగ్లీష్‌లో పాతిక మాటలు అంటోందనుకోండి. ఇంగ్లీష్ చెక్‌లిస్ట్ ఒక్కటే నింపితే వెనకబడినట్టే కనిపిస్తుంది.

అపోహ: స్కూల్ ఫారంలో "ఇంటి భాష ఇంగ్లీష్" అని రాస్తే మంచిది

అమెరికా స్కూళ్లలో చేర్చేటప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వే అని ఒక ఫారం ఇస్తారు. తెలుగు అని రాస్తే పిల్లాణ్ణి తక్కువగా చూస్తారని మనవాళ్లు అబద్ధం రాస్తున్నారు. దయచేసి అలా చేయకండి. తెలుగు అని రాస్తేనే ఇంగ్లీష్ స్థాయి పరీక్ష పెడతారు, అవసరమైతే ఈఎల్ సపోర్ట్, అంటే ఇంగ్లీష్ నేర్చుకుంటున్న పిల్లలకు స్కూల్లో చేసే సాయం, ఇస్తారు. ఇంగ్లీష్ రాని పిల్లలకు సాయం చేయాల్సిన బాధ్యత స్కూల్‌దేనని అక్కడి సుప్రీంకోర్టు 1974లోనే తేల్చింది. మీరు ఇంగ్లీష్ అని రాసేస్తే ఏమవుతుంది? ఇంగ్లీష్ ఇంటి పిల్లాడికి ఇంకా మాటలు రాలేదనుకుంటారు. అక్కడి నుంచి మొదలవుతుంది అసలు టెన్షన్.

ప్రత్యేక సాయం అవసరమా అని స్కూల్ చేసే పరీక్ష, అంటే ఇవాల్యుయేషన్ దాకా వెళ్తే పిల్లాడి సొంత భాషలోనూ పరీక్షించమని అడిగే హక్కు మీకు ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు కోసం అక్కడున్న ఐడియా చట్టం ఆ మాటే చెబుతుంది. తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలని ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. పిల్లాడికి స్కూల్లో ఏ సాయం చేయాలో రాసుకునే ఐఈపీ మీటింగ్‌లో మీకు అర్థమయ్యేలా ఇంటర్‌ప్రిటర్‌ను పెట్టాల్సింది కూడా వాళ్లే. ఇవాల్యుయేషన్‌కి డబ్బు కట్టక్కర్లేదు. మూడేళ్ల లోపు పిల్లలైతే స్కూల్‌కి బదులు ఎర్లీ ఇంటర్వెన్షన్ అనే చిన్నపిల్లల సేవా విభాగాన్ని సంప్రదించాలి. అక్కడ రెఫరల్ అయిన 45 రోజుల్లో మొదటి ప్లాన్ మీటింగ్ జరగాలి.

అపోహ: మగపిల్లలకు ఆలస్యమే, అక్కడికి వెళ్లాక చూద్దాం

పైన చెప్పినదంతా విని, "అయితే ఏ ఆలస్యమైనా భాష మారడం వల్లే" అని సర్దుకుపోయేవాళ్లు ఉన్నారు. అది ఇంకో ప్రమాదం. నిజంగా భాషా సమస్య ఉంటే అది తెలుగులోనూ కనిపిస్తుంది. ఇంగ్లీష్‌లో మాత్రమే ఇబ్బంది ఉంటే అది సమస్య కాదు, నేర్చుకునే దశ. ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, వేలితో చూపించకపోవడం, రెండేళ్లు నిండినా "పాలు ఇవ్వు", "నాన్న వచ్చాడు" లాంటి రెండు మాటల జత ఏ భాషలోనూ లేకపోవడం, వచ్చిన మాటలు పోవడం, వీటిలో ఏది ఉన్నా విమాన టికెట్ తేదీ చూసుకుంటూ కూర్చోవద్దు. మగపిల్లలు కాస్త ఆలస్యంగా మాట్లాడటం నిజమే, కానీ ఆ తేడా కొద్ది వారాలదో నెలలదో, ఏళ్లది కాదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వస కొమ్ము అరగదీసి నాలుకకు రాస్తే మాటలు రావు, చంటిపిల్లలకు సొంత వైద్యం చేయొద్దు. వెళ్లే ముందు అమెరికన్ యాక్సెంట్ క్లాసులకు పిల్లల్ని పంపడం దండగ, ఆ యాస వాళ్లకు తోటి పిల్లల దగ్గర దానంతట అదే వస్తుంది. మీరు తెలుగులో అడిగితే పిల్లలు ఇంగ్లీష్‌లో జవాబిస్తున్నారని తెలుగు మానేయకండి, తిట్టకండి కూడా. వింటున్నంతకాలం అర్థమవుతూ ఉంటుంది, అర్థమైనది ఒకరోజు బయటికి రావచ్చు. పెద్దపిల్ల స్కూల్ నుంచి ఇంగ్లీష్ తెచ్చాక చిన్నవాడికి తెలుగు వినపడటం సగమైపోతుంది, కాబట్టి వాడితో ఒంటరిగా గడిపే సమయం కొంత పెట్టుకోండి.

నానమ్మ, అమ్మమ్మలతో వీడియో కాల్‌ను స్క్రీన్ టైమ్ లెక్కలో వేసి ఆపేవాళ్లు ఉన్నారు. అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, పీడియాట్రిక్స్ అకాడమీ, 2016లోనే ఏడాదిన్నర లోపు పిల్లలకు కూడా వీడియో చాట్‌ను మినహాయించింది. అవతలివాళ్లు పిల్లల మాటకు మాట కలుపుతారు, కార్టూన్ కలపదు. అయితే "తిన్నావా? ఏం తిన్నావు? స్కూల్‌కెళ్లావా?" అని రోజూ అవే ప్రశ్నలు వేస్తే ఏ పిల్లాడైనా పారిపోతాడు. పెద్దవాళ్లకు నేను చెప్పేది ఇదీ: అడగడం తగ్గించి, చేస్తున్నది చూపించండి. చిక్కుడుకాయలు వలుస్తుంటే ఫోన్ గిన్నె పక్కన పెట్టుకోండి. పుచ్చిపోయిన కాయ వస్తే పారేసే ముందు చూపించండి. పురుగు కనిపిస్తే ఇంకా మంచిది, పది నిమిషాలు మాట్లాడుకోవచ్చు. పురుడు పోయడానికి వెళ్లి ఆరు నెలలుండి తిరిగొచ్చేసిన అమ్మమ్మలు ఇది తప్పకుండా చేయాలి. ఆవిడ విమానం ఎక్కిన రోజు నుంచి ఆ ఇంట్లో పిల్లాడితో ఎక్కువ తెలుగు మాట్లాడే మనిషి లేకుండా పోతుంది.

ఇక ప్రయాణానికి ముందు చేయాల్సింది ఒక్కటే. మాటల విషయంలో ఏ కాస్త అనుమానం ఉన్నా హియరింగ్ టెస్ట్ చేయించండి. పిలిస్తే పలుకుతున్నాడు కదా అని వదిలేయకండి. జలుబు తర్వాత చెవి లోపల నీరు చేరి సగం సగం వినపడే పిల్లలు చాలామంది ఉంటారు, మేనరికం ఉన్న కుటుంబాలైతే మరింత జాగ్రత్త అవసరం. ప్రైవేట్‌గా ఖర్చు ఎక్కువనుకుంటే బోయిన్‌పల్లి వైపు మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి, అక్కడ వినికిడి, మాట పరీక్షలు చేస్తారు. ఆ రిపోర్టును టీకాల కార్డుతో కలిపి చెకిన్ లగేజీలో కాకుండా హ్యాండ్ బ్యాగ్‌లోనే పెట్టుకోండి. స్కూల్లో చేర్చేటప్పుడు రెండూ పనికొస్తాయి.